66 ఏళ్ళ తర్వాత దొరికిన కారు, మా ఊరి చప్టా

నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియమే. తెలుగులో ఇంత పెద్ద వ్యాసం రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే సర్దుకోండి. కానీ ఈ విషయం తెలుగులోనే రాయాలనిపించింది. ఎందుకంటే దీన్ని చదవాల్సింది మనం మాత్రమే కాదు, మన ఇళ్ళల్లో కారు నడిపేవాళ్ళు కూడా.

పోయిన వర్షాకాలం అమ్మమ్మ వాళ్ళ ఊరు వెళ్తుంటే దారిలో చప్టా మీద నీళ్ళు పారుతున్నాయి. ముందు ఒక బస్సు దాటేసింది. "బస్సు పోయింది కదా, మనం పోలేమా?" అన్నాడు నాన్న. అమ్మ వద్దంది. నాన్న నా వైపు తిరిగి, "నువ్వు ఇంజినీరింగ్ కదరా, చెప్పు" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఇంతలో అక్కడ మేకలు కాస్తున్న ఒక తాత చెయ్యి అడ్డం పెట్టి, "ఆగు బిడ్డా" అన్నాడు. వెనక్కి తిరిగాం. నాన్న ఇప్పటికీ "పోయుంటే పోయేవాళ్ళమే" అంటాడు. ఆ రోజు చెప్పలేని జవాబు కోసం వెతుకుతుంటే ఒక పాత కేసు కనిపించింది.

ఒక కుటుంబం, ఒక నది

అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరం. 1958 డిసెంబరు 7, ఆదివారం. క్రిస్మస్ అలంకరణకి పచ్చని కొమ్మలు తెచ్చుకుందామని ఒక భార్యాభర్తలు ముగ్గురు కూతుళ్ళతో 1954 మోడల్ ఫోర్డ్ స్టేషన్ వ్యాగన్‌లో బయల్దేరారు. కొలంబియా నది పక్కన కొండల వైపు వెళ్ళారు. మళ్ళీ ఇంటికి రాలేదు.

ఐదు నెలల తర్వాత, 1959 మే నెలలో, చిన్న కూతుళ్ళిద్దరి శరీరాలు ఒక్క రోజు తేడాతో అదే నదిలో దొరికాయి. మిగతా ముగ్గురు, కారు దొరకలేదు. ప్రమాదమా? ఎవరైనా చేసిన పనా? దశాబ్దాల పాటు ఈ ప్రశ్న అలాగే ఉండిపోయింది. మా బ్రాంచి భాషలో చెప్పాలంటే సిస్టమ్ క్రాష్ అయింది, లాగ్ ఫైల్ మాత్రం లేదు.

ఆర్చర్ మేయో అనే డైవర్ ఏళ్ళ తరబడి వెతికి, 2024లో క్యాస్కేడ్ లాక్స్ అనే ఊరి దగ్గర నది అడుగున ఒక కారుని కనుక్కున్నాడు. అది తిరగబడి, బురదలో కూరుకుపోయి ఉంది. 2025 మార్చిలో క్రేన్‌తో లాగితే అడుగు ఫ్రేమ్, కొన్ని భాగాలు మాత్రమే పైకొచ్చాయి. ఆ పిల్లలిద్దరూ దొరికిన చోట్లు రెండూ ఈ ఊరికి దిగువనే. నీళ్ళు కిందికే పారతాయి కాబట్టి ఈ లెక్క సరిపోతుంది. కారు దొరికితే "ఎక్కడ" అన్నది తెలుస్తుంది. "ఎలా" అన్నది చెప్పాల్సినవాళ్ళు ఇప్పుడు లేరు. నన్ను బాగా కదిలించింది ఇదే.

కారు ఎందుకు తేలుతుంది?

ఇప్పుడు నాన్న ప్రశ్నకి వద్దాం. ఒక చిన్న కారు బరువు 1000 కిలోలు అనుకుందాం. అడుగు భాగం వైశాల్యం దాదాపు 5 చదరపు మీటర్లు. నీళ్ళు కారు అడుగుని తాకాక, పైన ప్రతి 10 సెంటీమీటర్లకీ అర ఘనపు మీటరు నీళ్ళు పక్కకి జరుగుతాయి. అంటే 500 కిలోల బరువుని నీళ్ళే మోస్తాయి. 20 సెంటీమీటర్లకి మొత్తం 1000 కిలోలూ మోసేస్తాయి. కారు అడుగు రోడ్డుకి 17 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే, మొత్తం 37 సెంటీమీటర్లు. అంటే అడుగున్నర కూడా లేదు!

కారు పూర్తిగా తేలక ముందే టైర్లకి పట్టు పోతుంది. ఆ తర్వాత స్టీరింగ్, బ్రేకు ఏవీ పనిచెయ్యవు. పారే నీళ్ళు ఎటు తోస్తే అటే. బస్సు చాలా బరువు, పైగా ఎత్తు ఎక్కువ. కాబట్టి "బస్సు పోయింది కదా" అన్నది తప్పుడు టెస్ట్ కేస్ అన్నమాట.

తలుపు ఎందుకు రాదు?

తలుపు వెడల్పు 1 మీటరు, బయట దాని మీద 60 సెంటీమీటర్ల ఎత్తు నీళ్ళు ఉన్నాయనుకోండి. లోపల ఇంకా నీళ్ళు రాలేదు. అప్పుడు తలుపు మీద బలం ½ × 1000 × 9.8 × 0.6 × 0.6 = 1764 న్యూటన్లు. దాదాపు 180 కిలోల బరువు. కీలుకి దూరంగా, అంచు దగ్గర తోసినా అందులో సగం, 90 కిలోలు కావాలి. కూర్చున్న చోటి నుంచి అది మన వల్ల కాదు. ఒకవేళ తెరిచినా నీళ్ళు ఒక్కసారిగా లోపలికి వచ్చి కారు ఇంకా త్వరగా మునుగుతుంది.

మొదటి నిమిషం

కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ గోర్డన్ గీస్‌బ్రెక్ట్ నిజమైన కార్లనే నీళ్ళలోకి దింపి పరీక్షలు చేశారు. పడ్డాక కారు సుమారు 30 సెకన్ల నుంచి 2 నిమిషాల వరకు తేలుతుంది. బయటపడాల్సింది ఆ సమయంలోనే. వరస ఇది:

1. సీటు బెల్టు తియ్యాలి.
2. కిటికీ అద్దం దించాలి. నీళ్ళు అద్దం దాకా రాక ముందే దించాలి. పవర్ విండోలు వెంటనే ఆగిపోవు, కానీ ఆలస్యమైతే నీటి ఒత్తిడికి అద్దం కదలదు.
3. పిల్లల్ని ముందు బయటికి పంపాలి. పెద్ద పిల్లలతో మొదలుపెట్టాలి.
4. మనం బయటికి రావాలి.

ఫోన్ చెయ్యడం ఈ వరసలో లేదు. బయటికొచ్చాకే ఫోన్.

అద్దం దిగకపోతే పగలగొట్టాలి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. 2019లో అమెరికా మోటారు సంఘం ఏఏఏ ఆరు రకాల పనిముట్లని పరీక్షించింది. నాలుగు టెంపర్డ్ అద్దాన్ని పగలగొట్టాయి. లామినేటెడ్ అద్దాన్ని ఒక్కటీ పగలగొట్టలేకపోయింది. కొన్ని కొత్త కార్లలో పక్క అద్దాలు కూడా లామినేటెడే. ఏ రకమో సాధారణంగా అద్దం మూలన ముద్రించి ఉంటుంది. ముందు అద్దం మాత్రం ఎప్పుడూ లామినేటెడే, దాని జోలికి పోవద్దు.

చివరగా

ఈ లెక్కంతా ఒక కాగితం మీద వేసి నాన్నకి చూపించాను. రెండుసార్లు చదివాడు. కాసేపాగి, "మన కారు అడుగు ఎంత ఎత్తు?" అని అడిగాడు. టేపు తీసుకుని ఇద్దరం కిందికి వెళ్ళాం. 16 సెంటీమీటర్లు వచ్చింది. నాన్న ఏమీ అనలేదు. కారు చుట్టూ తిరిగి నాలుగు అద్దాల మూలలూ చూశాడు. "పోయుంటే పోయేవాళ్ళమే" అన్న మాట ఆ రోజు నుంచి మళ్ళీ వినలేదు.

ఆ తాత దగ్గర ఏ ఫార్ములా లేదు. ఆ వాగుని ఏళ్ళుగా చూస్తున్నాడు, అంతే. మనకి చూసే అవకాశం లేదు కాబట్టి లెక్క వేసుకోవాలి. ఈ సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు మీరూ టేపు తీసుకుని ఒకసారి కొలవండి. చప్టా మీద నీళ్ళు పారుతుంటే మాత్రం కొలవడానికి కూడా దిగొద్దు. వెనక్కి తిరగండి.