వాద్యం – ఆయుర్దాయం

భారతీయ సంగీతానికి గమకం ప్రాణం. ఒక స్వరం నుండి మరొక స్వరానికి జారడం, ఉన్నచోటనే కంపించడం, నాదం క్రమంగా హెచ్చి తగ్గడం – వీటివల్లనే రాగానికి జీవకళ అబ్బుతుంది. హార్మోనియం మెట్లకు ఈ శక్తి లేదు. ఒక మెట్టు నొక్కితే ఒకే స్థిరస్వరం పలుకుతుంది. ఈ లోపాన్ని ముఖ్యకారణంగా ఎంచి ఆలిండియా రేడియో 1940లో హార్మోనియాన్ని నిషేధించింది. 1971లో గాని ఆ నిషేధం సడలలేదు. మెట్ల వాద్యానికి గమకాన్ని నేర్పాలన్న ఆకాంక్ష పాశ్చాత్య దేశాలలోనూ చిరకాలంగా ఉన్నది. విద్యుత్తు ఆ కోరికను సఫలం చేసింది. ఆ కృషి ఫలితమే నేటి భావవ్యంజక కీబోర్డు కంట్రోలరు.

కంట్రోలరు స్వయంగా ధ్వనించదు. వాదకుని వేళ్ళ కదలికలను సెన్సర్లతో గ్రహించి, ధ్వనిని పుట్టించే సింథసైజరుకో, కంప్యూటరుకో ఆజ్ఞలుగా పంపుతుంది. సాధారణ కీబోర్డు ఏ మీట, ఎంత వేగంగా నొక్కబడినదో మాత్రమే తెలుపుతుంది. భావవ్యంజక కంట్రోలరు అంతటితో ఆగదు. నొక్కిన తరువాత వేలు ప్రక్కకు ఒరిగినా, ముందుకు జరిగినా, మరింత అదిమినా, ఆ మార్పును ప్రతి వేలికీ విడివిడిగా గుర్తిస్తుంది.

ఇట్టి వాద్యం వశం కావాలంటే ఏండ్ల తరబడి సాధన కావాలి. సాధన పండేసరికి వాద్యం మూగబోయి, దానికి సాటియైనది మరొకటి లభించకపోతే వాదకుడు డబ్బును మాత్రమే కాక తన విద్యను కూడ కోల్పోతాడు. కనుక వాద్యపు మన్నిక సంగీతానికి సంబంధించిన ప్రశ్నయే.

ఈ జాతి వాద్యాలకు పూర్వరూపం ‘ఓండ్ మార్టెనో’. ఫ్రాన్సు దేశీయుడైన మారిస్ మార్టెనో దీనిని 1928లో పారిస్ నగరంలో ప్రదర్శించాడు. కుడిచేతి మీటను ప్రక్కలకు కదిపితే స్వరం కంపిస్తుంది. ఎడమచేతి మీట నాదాన్ని హెచ్చించి తగ్గిస్తుంది. ఆ మీట క్రింద విద్యుద్వాహకమైన చూర్ణంతో నింపిన చిన్న సంచి ఉంటుంది. వేలి ఒత్తిడిని బట్టి విద్యుత్ప్రవాహం మారుతుంది. అది పాడైతే బజారులో దొరికే వస్తువుతో సరిచేయడం సాధ్యం కాదు. 1988లో దీని తయారీ నిలిచిపోయింది. అయినా వాద్యం నశించలేదు. మెసియాన్ రచించిన ‘తురంగలీల’ సింఫనీ వంటి కృతులు దీని నాదాన్ని కోరుతూనే ఉన్నాయి. అందువల్ల 21వ శతాబ్దిలో ఫ్రాన్సు, జపాను దేశాల నిపుణులు దీనిని పునర్నిర్మించారు. కృతులు వాద్యాన్ని బ్రతికించాయన్నమాట.

1977లో యమహా సంస్థ వెలువరించిన సిఎస్-80 ప్రతి మీటపై ఒత్తిడిని విడిగా గ్రహించేది. బరువు చాలా ఎక్కువ. దానిలోని ప్రత్యేకమైన చిప్పుల తయారీ ఏనాడో ఆగిపోయింది. వేడి హెచ్చుతగ్గులకు శ్రుతి చలిస్తుంది. అయితే మూత తెరిస్తే లోపలి భాగాలు చాలావరకు కంటికి కనిపిస్తాయి, చేతికి అందుతాయి. అందుచేతనే నిపుణులు నేటికీ వాటిని బాగుచేయగలుగుతున్నారు.

నేటి కంట్రోలర్లకు వ్యాధులు వేరు. ఉపరితలపు రబ్బరు, సిలికోన్ అరుగుతాయి. లోపలి మెత్తని ఫోము కొన్నేండ్లకు పొడియై రాలుతుంది. తేమ విద్యుత్ సంధులను తినివేస్తుంది. శరీరం చెక్కుచెదరకపోయినా సాఫ్ట్‌వేరు కాలం చెల్లవచ్చు. 2019లో ఆపిల్ సంస్థ తన కంప్యూటర్లలో 32-బిట్ ప్రోగ్రాములను నడపడం మానివేయగా, అనేక పాత సంగీత ప్రోగ్రాములు ఆ కొత్త వ్యవస్థలో పనిచేయలేదు. సంస్థలూ శాశ్వతం కావు. 2013లో సీబోర్డును పరిచయం చేసిన లండన్ సంస్థ రోలి, 2021లో ఆర్థిక సంక్షోభానికి లోనై దివాలా ప్రక్రియలో ప్రవేశించింది. అనంతరం ఆ వ్యాపారం కొత్త సంస్థ చేతికి మారింది.

ఈ అనిత్యత నడుమ నిలిచినది ఒకటున్నది. అది 1983లో పోటీ సంస్థలే ఏకమై అంగీకరించిన ‘మిడి’ అనే ఉమ్మడి భాష. ఆనాటి మిడి కీబోర్డు, చిన్న అనుసంధాన పరికరం తోడైతే, నేటి కంప్యూటరుతోనూ మాట్లాడగలదు. ప్రతి వేలి గమకాన్ని విడివిడిగా తెలిపే ‘ఎంపీఈ’ పద్ధతి 2018లో ఈ భాషలో చేరింది. ఒక కంట్రోలరు చెడినా, అదే భాష తెలిసిన మరొకటి దాని స్థానాన్ని చాలావరకు పూరించగలదు.

మన బొబ్బిలి వీణను పరిశీలిస్తే ఇదే ధర్మం గోచరిస్తుంది. పనస మ్రానుతో చేసిన ఆ వీణ తరాల పాటు నిలవగలదు. కాని తంత్రులు తెగుతాయి, మెట్లను పట్టియుంచే మైనం కాలక్రమాన సడలుతుంది. తంత్రులను మార్చి, మైనాన్ని కొత్తగా పోసి, 24 మెట్లను శ్రుతికి సరిగా నిలిపే చేతులు ఉన్నందువల్లనే అది మళ్ళీ పలుకుతుంది. అరిగే భాగాన్ని సులభంగా మార్చుకొనే వీలు నిర్మాణంలోనే ఉన్నది.

కావున కంట్రోలరును ఎన్నుకొనేవారు నాదమాధుర్యంతో పాటు మరికొన్ని విషయాలను విచారించాలి. అరిగే భాగాలు విడిగా లభిస్తాయా? మరమ్మతుకు విప్పే వీలున్నదా? తయారీదారు ప్రోగ్రాము లేకుండా పనిచేస్తుందా? ఉమ్మడి భాషలో మాట్లాడుతుందా? చెడిపోని వాద్యం లోకంలో లేదు. చెడినప్పుడు బాగుచేసుకొనే మార్గం తెరచి ఉన్న వాద్యమే దీర్ఘాయువు కలది.

ప్రశ్నలు
1. సాధారణ కీబోర్డుకు, భావవ్యంజక కంట్రోలరుకు గల భేదమేమి?
2. ‘కృతులు వాద్యాన్ని బ్రతికించాయి’ – ఈ వాక్యాన్ని సమర్థించండి.
3. బొబ్బిలి వీణతో పోల్చి, వాద్యాల మన్నికకు మూలమైన ధర్మాన్ని వివరించండి.