కామోదకం: మిత్రునికి విడిచే నీరు

బంధువు మరణిస్తే ఎన్ని దినాలు అశౌచం పాటించాలో, ఎవరెవరు ఉదకం విడవాలో మన ధర్మశాస్త్రాలు విస్తారంగా చెప్పాయి. మిత్రుడు మరణిస్తే ఏమి చేయాలన్న ప్రశ్న మాత్రం డెబ్బయ్యేళ్ళు దాటేదాకా నాకు తోచలేదు. రెండేళ్ళ క్రిందటి వైశాఖంలో, ఆర్మూరులో నాతోపాటు పలక పట్టిన బాల్యమిత్రుడు కాలం చేసినప్పుడు తోచింది. ఆయన పసుపు రైతు. మైల ఆ ఇంటివారిది. నేను శ్మశానం నుండి వచ్చి, స్నానం చేసి, మరునాడు యథాప్రకారం దేవతార్చనకు కూర్చున్నాను. నాకు ఏ నిషేధమూ లేదు. అదే కష్టమనిపించింది.

పదవ దినాన పోచంపాడు వద్ద గోదావరి ఒడ్డున పిండం పెట్టారు. కాకి రాలేదు. "అమ్మను మంచిగ చూసుకుంటమని చెప్పుండ్రి" అని పెద్దలు కుమారులతో అన్నారు. వారు చేతులు జోడించి చెప్పారు. అయినా రాలేదు. వెనుక వరుసలో నిలిచిన నన్ను ఒక సంగతి తొలుస్తూనే ఉంది. పోవడానికి వారం ముందు ఆయన సిద్ధుల గుట్టకు పోదాం రమ్మన్నాడు. మోకాళ్ళు నొస్తున్నవి, ఎండలు తగ్గనీ అని నేనే వాయిదా వేశాను. ఆ మాట లోలోపలే చెప్పుకొని క్షమించమన్నాను. కాకి అప్పుడూ రాలేదు. చివరకు పిండాన్ని నదిలో విడిచారు.

ఆ దినాలలో నాకు ఆసరాగా నిలిచినది భాగవత ప్రథమస్కంధంలోని పదునైదవ అధ్యాయం. ద్వారక నుండి తిరిగి వచ్చిన అర్జునుడు తలవంచి నిలుచుంటాడు. ధర్మరాజు అడిగిన ప్రశ్నలకు వెంటనే బదులు చెప్పలేడు. కన్నీరు చేతితో తుడుచుకొని, గద్గదస్వరంతో కృష్ణుని స్మరిస్తాడు. ద్రౌపదీ స్వయంవరం, ఖాండవదహనం వంటి మహాకార్యాలు చెబుతాడు గాని, అతని గొంతు నిజంగా పట్టుబడేది చిన్న సంగతుల వద్దనే అని నాకు తోస్తుంది. కలసి కూర్చున్నాము, కలసి తిన్నాము, ఒకచోట పడుకొన్నాము. "ఓహో, నీవు గొప్ప సత్యవంతుడవు" అని ఎగతాళి చేస్తే తండ్రి కొడుకును ఓర్చినట్లు ఓర్చుకొన్నాడు అంటాడు. తరువాత తన ఓటమి చెబుతాడు. గాండీవం అదే, బాణాలు అవే, రథమూ గుర్రాలూ అవే. ఆయన లేనందున అవన్నీ బూడిదలో వేసిన హవిస్సులైనాయి. అతనికి ఏ శకునమూ ఊరట ఇవ్వలేదు. యుద్ధభూమిలో మిత్రుడు చెప్పి, కాలవశాన మరుగునపడిన మాటలు తలపుకు వచ్చాయి, మనసు కుదుటపడింది.

ఆ కార్తికంలో సిద్ధుల గుట్ట ఎక్కాను, ఒంటరిగా. నల్లని బండల నడుమ నవనాథ సిద్ధేశ్వరుని సన్నిధిలో చాలాసేపు కూర్చున్నాను. గుట్ట అదే, బండలు అవే. అర్జునుడు చెప్పినది అప్పుడు అర్థమైంది. అంతకుమించి అక్కడ నాకేమీ కనిపించలేదు.

ఇక శాస్త్రం సంగతి. యాజ్ఞవల్క్య స్మృతిలో ప్రాయశ్చిత్తాధ్యాయం మొదట్లోనే అశౌచ ప్రకరణం ఉన్నది. అందులో మిత్రునికి, పెండ్లి అయిన ఆడపడుచులకు, మేనల్లునికి, మామగారికి, ఋత్విజునికి విడిచే నీటికి ఒక ప్రత్యేకమైన పేరు పెట్టారు: కామోదకం. మితాక్షర వ్యాఖ్యలో విజ్ఞానేశ్వరుడు దీనిని విడమరిచాడు. కోరిక ఉంటే విడవవచ్చు, లేకుంటే లేదు. విడవనందువల్ల దోషం రాదు. విజ్ఞానేశ్వరుడు కల్యాణి చాళుక్యుల కాలంవాడు. మన ప్రాంతమూ ఆనాడు వారి ఏలుబడిలోనిదే. కొడుకు విడిచే నీరు ఋణం. మిత్రుడు విడిచే నీటికి ఇష్టం తప్ప మరో కారణం లేదు. మొదట చదివినప్పుడు శాస్త్రం మిత్రుణ్ణి ఒక మెట్టు దించిందనుకొన్నాను. ఇప్పుడు అట్లా అనుకోవడం లేదు.

మహాలయ పక్షంలో విడిచే సర్వపితృ తర్పణంలోనూ గురువు, ఆచార్యుల సరసన సఖునికి స్థానమున్నది. అయితే సంవత్సరీకం పూర్తికాకముందు వద్దని మా పురోహితులు మొదటి ఏడు ఆపారు. నిరుడు పెత్రమాసనాడు మళ్ళీ పోచంపాడుకు వెళ్ళాను. మా తాతముత్తాతల పేర్లన్నీ అయినవి. మిత్రుని పేరు చెప్పాను. "గోత్రం?" అన్నారు.

నాకు తెలియదు. అరవై ఏళ్ళకు పైబడిన స్నేహంలో ఆయన భూమి సర్వే నెంబర్లు తెలుసు, ఏ ఏడు పసుపు ఏ ధర పలికిందో తెలుసు. గోత్రం ఏనాడూ అడగలేదు. అతని కుమారునికి ఫోను చేస్తే ఎత్తలేదు. నీళ్ళలో నిలబడి సిగ్గుపడ్డాను. తెలియనివారికి కాశ్యప గోత్రం చెప్పడం ఆచారమేనని పురోహితులు అనునయించారు. అట్లాగే నువ్వులతో నీరు విడిచి, స్వయంపాకం ఇచ్చి ఇంటికి వచ్చాను.

ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ. తంగేడు, గునుగు పేర్చి, పైన నిలపడానికి మా కోడలు పసుపు గౌరమ్మను చేయబోతున్నది. అంతలో మిత్రుని పెద్దకొడుకు వచ్చాడు. చేను దగ్గర ఉండి ఫోను వినలేదట. తండ్రి ఉన్నప్పటి వలెనే ఒక చిన్న సంచిలో ఇంట దంచిన పసుపు తెచ్చాడు.

"బాపు ఏరిపెట్టిన ఇత్తనమే, పెద్దబాపూ. మార్చలే" అన్నాడు.

పసుపుకు గింజ ఉండదు, దుంపే విత్తనం. తవ్వినాక మంచివి ఏరి, నీడన కుప్పపోసి, ఆకు కప్పి, మృగశిర వానలకు మళ్ళీ నాటుతారు. కొత్త రకాలకు మారినవారు ఊళ్ళో చాలామందే ఉన్నారు. ఈ కుర్రవాడు మాత్రం పొడవు కాలపు పాత ఆర్మూరు రకాన్నే ఉంచాడు. ఆయన చేతితో ఏరిన దుంపే నేలలోకి వెళ్ళి వచ్చి ఆ సంచిలో ఉన్నది. దీనిని శకునమనను. మా కోడలు దానితోనే గౌరమ్మను చేసింది. ముద్ద కలుపుతున్నప్పుడు ఆ వాసనకు నేను వాకిట్లోకి వెళ్ళవలసి వచ్చింది.

కుర్రవాడు బయలుదేరబోతుంటే గోత్రం అడిగాను. అమ్మను అడిగి వచ్చి చెప్పాడు. వచ్చే మహాలయానికని పంచాంగం చివరి అట్ట లోపల వ్రాసుకొన్నాను.