వేసవిలో మేము ముగించిన మూడు గ్రంథములు

గడచిన వేసవి సెలవులలో పగటివేళ ఆత్మకూరి యెండకు గడప దాట వీలులేక మేము మూడు గ్రంథములను మొదటినుండి తుదివరకు చదివితిమి. అందు రెండు ఆంగ్లమున నున్నవి; ఒకటి తెనుగు. వీనిని ఒక క్రమమున ఎన్నుకొనలేదు. చేతికి దొరికినట్లు చదివితిమి. కాని మూడవదానిని ముగించి బల్లపై పెట్టునప్పటికి ఈ మూటికిని ఒక సంబంధము కలదని మాకు తోచెను. మూటను త్రోవలున్నవి. మొదటిదానిలో కొండను పగులగొట్టి వేసిన బాట. రెండవదానిలో కాశికి పోయివచ్చిన బాట. మూడవదానిలో కరవునాడు త్రవ్విన నీటిబాట. ఆ త్రోవలు మన సీమను తాకియో, చుట్టియో పోయినవే. వానిని వేసినవారిని, వానిపై బరువు మోసినవారిని ఏ గ్రంథకర్త ఎట్లు చూచెనో మా విద్యార్థులకు చెప్పవలెనని ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

మొదటిది రాబర్టు స్యూయెల్ దొర 1900 సంవత్సరమున ప్రకటించిన విజయనగర చరిత్రము. దాని యాంగ్లనామమునకు "మరువబడిన సామ్రాజ్యము" అని యర్థము. ఈయన చెన్నపురి రాజధానిలో సివిలు ఉద్యోగము చేసినవాడు. ఈ గ్రంథమునకు ప్రాణమనదగినవి గ్రంథకర్త మాటలు కావు. తుదిభాగమున చేర్చిన రెండు పోర్చుగీసు వృత్తాంతముల తర్జుమాలు. ఒకటి డొమింగో పేయస్ అనునతడు వ్రాసినది; రెండవది ఫెర్నావో నూనిజ్ అను గుఱ్ఱముల వర్తకుడు 1535 ప్రాంతమున వ్రాసినది. ఈ వ్రాతప్రతులు పారిసు నగరపు గ్రంథాలయమున పడియుండగా, 1897 లో లిస్బను నగరమున అచ్చయ్యెను. మన దేశపు రాజుల కథను తెలిసికొనుటకు మనము పారిసుదాక పోవలసివచ్చెను గదా యని మాకు కొంత చిన్నతనము తోచిన మాట నిజము.

నూనిజ్ గ్రంథమున "డిగరీ" అను దుర్గము కలదు. అది కళింగపు గజపతి యధీనమున నున్నదనియు, కృష్ణదేవరాయలు పట్టము కట్టుకొన్న పిమ్మట మొదట దానిమీదనే దండెత్తెననియు అతడు వ్రాసెను. ఆ పేరు పరదేశపు పేరువలె వినబడుటచే మేము రెండు పుటలు చదువువరకు పోల్చుకొనలేకపోతిమి. అది మన ఉదయగిరియే! చిన్ననాటినుండి కన్నులార చూచిన కొండ పరదేశి నోట బడి మొదటి అక్షరమును పోగొట్టుకొని వచ్చినది.

ఇక మా తప్పును ఒప్పుకొనవలసిన చోటు వచ్చినది. మేము అనేక సంవత్సరములుగా తరగతిలో ఈ యుద్ధమును చెప్పునప్పుడు, రాయలు ఉదయగిరిమీద పడి, కొలది దినములలో కోటను లగ్గపట్టి గెలిచెనని చెప్పుచుంటిమి. ఎచ్చట చదివితిమో, ఎవరివలన వింటిమో చెప్పజాలము. చెప్పగా చెప్పగా అది మాకే సత్యమయ్యెను. నూనిజ్ చెప్పునది వేరు. రాయలు ముప్పదినాలుగు వేల కాల్బలముతోను, ఎనిమిది వందల యేనుగులతోను వచ్చెనట. కోటలో నున్నవారు పదివేల కాల్బలము, నాలుగు వందల గుఱ్ఱములు మాత్రమే. అయినను ఆ కొండ యెంత బలమైనదనగా, లోనివారి తిండి తీరిపోవుటచే తప్ప మరియొక విధమున అది వశము కాదట. పైకి పోవుటకు ఒక్కటే త్రోవ. అందును ఒకరి వెనుక ఒకరు నడువవలసినంత ఇరుకు. రాయలు ఏడాదిన్నర అచ్చటనే నిలిచి, బండలు పగులగొట్టించి, ఆ యిరుకు త్రోవను వెడల్పు చేయించి, మరికొన్ని బాటలను వేయించి బురుజులను సమీపించెనట.

ఏడాదిన్నర యను లెక్కను మేము వెంటనే నమ్మలేదు. తిరుమల శాసనములను బట్టి రాయలు 1513 వ సంవత్సరమున ఫిబ్రవరి, మే, జూను మాసములలో స్వామిదర్శనము చేసెను. 1514 జూలై 6 వ తేదీన ఉదయగిరిని గెలిచి వచ్చుచు మరల దర్శించి, స్వామికి ముప్పదివేల బంగారు నాణెములతో కనకాభిషేకము చేసెను. ఏడాదిన్నర ముట్టడి 1514 వేసవిలో ముగిసినచో అది 1513 ఆరంభముననే మొదలై యుండవలెను. అప్పుడు రాజు సేనను కొండక్రింద నిలిపి తాను నడుమ నడుమ తిరుమలకు పోయివచ్చెననవలెను. లేదా ఇరువది సంవత్సరముల తరువాత విని వ్రాసిన వర్తకుడు మాసములను కొంత సాగదీసెననవలెను. మాకు రెండవదే సమంజసముగ తోచుచున్నది. ఎట్లయినను అది కొలది దినముల పని మాత్రము కాదు. బడి తెరచిన పిమ్మట మొదటి చరిత్ర పాఠముననే మేము మా పూర్వపు మాటను విద్యార్థుల యెదుట దిద్దుకొంటిమి. కొందరు నవ్విరి. వెనుక బల్లనున్న బాలుడొకడు లేచి, "అయ్యా, ఆ బండలను రాజుగారే కొట్టిరా?" అని యడిగెను.

తరగతి యంతయు మరల నవ్వెను గాని, ప్రశ్న నవ్వదగినది కాదు. నేటికిని మన సీమలో సుత్తెయు ఉలియు పట్టి బండలు కొట్టి బ్రదుకు వడ్డెరలను చూచుచున్నాము. ఎండకాలమున ఉదయగిరి బండపై చేయి పెట్టి చూచినవారికి ఆ పని యెట్టిదో తెలియును. నూనిజ్ ఏనుగులను లెక్కించెను, గుఱ్ఱములను లెక్కించెను (గుఱ్ఱముల వర్తకుడు గదా!), బండలు కొట్టినవారిని లెక్కింపలేదు. ఆ బాటవెంట తుదకు దిగివచ్చినదేమి? చెరపట్టబడిన గజపతి బంధువులు. మరియు ఉదయగిరి బాలకృష్ణుని విగ్రహము. ఆ విగ్రహమును రాయలు విజయనగరమునకు గొనిపోయి, 1515 లో క్రొత్తగా కట్టించిన కృష్ణాలయమున ప్రతిష్ఠించెనని అచ్చటి శాసనము చెప్పుచున్నది. ఆలయము పాడైన పిమ్మట అది చెన్నపురి వస్తుప్రదర్శనశాలకు చేరినది. ఉదయగిరి బాలుడొకడు తన యూరి కృష్ణుని చూడవలెనన్నచో నేడు చెన్నపురికి టిక్కెట్టు కొనవలెను.

రెండవ గ్రంథము ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రచరిత్ర. ఈయన చెన్నపురి సుప్రీముకోర్టులో దుబాసీగా నుండి, 1830 మే 18 వ తేదీన బయలుదేరి, కాశీ గయా కలకత్తాలు చూచుకొని, 1831 సెప్టెంబరు 3 వ తేదీన మరల ఇల్లు చేరెను. దారిలో చూచినదంతయు తన మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికి వ్రాసి పంపుచుండగా, ఆయన 1838 లో దానిని అచ్చువేయించెను. అప్పటికి రెండేండ్ల క్రిందటనే వీరాస్వామయ్యగారు గతించిరి. పిమ్మట దిగవల్లి వేంకటశివరావుగారు 1941 లో దీనిని మరల ప్రకటించిరి.

దీనిని చదువుచు మేము మొదట చేసిన పని మన యూళ్ల పేర్లు వెదకుట. తిరుపతి కలదు, కడప కలదు, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదు కలవు. తిరుగు ప్రయాణమున గంజాము మొదలు సముద్రతీరపు బాటనే దక్షిణముగ వచ్చి నెల్లూరు మీదుగ చెన్నపురి చేరెను. అనగా వెలిగొండలకు పడమటగా పోయి, తూర్పుగా వచ్చెను. నడుమనున్న ఆత్మకూరు, ఉదయగిరి ఆయన త్రోవన పడలేదు. కొంచెము నిరాశ కలిగినను, ఆయన మన యూరికి రాకపోయిన లోపమును ఆయన వ్రాతయే తీర్చినది. ఏ మజిలీలో మంచినీరున్నదో, ఎచ్చట దిగుటకు సత్రమున్నదో, ఎచ్చట వస్తువులు దొరకునో, ఎచ్చట సుంకమువారు బాధింతురో, తన వెనుక వచ్చు బాటసారి మేలుకోరి వ్రాసెను. గొప్ప కోటలను వర్ణించుటకు ఎందరో కలరు. ఒక బావినీరు మంచిదని వ్రాసిపెట్టువారు అరుదు. ఆయన భాష ఇంట మాటలాడుకొను భాష. బాలవ్యాకరణము 1858 లో గాని పుట్టలేదు గనుక ఆయన నెవ్వరు తప్పుపట్టుటకు లేకపోయెను. ఈ వ్యాసమున మేము వ్రాయుచున్న భాషకంటె అది యెక్కువకాలము బ్రదుకునేమో యని మాకు లోలోపల అనుమానము కలదు. సంపాదకులు మన్నింతురు గాక.

అయితే ఆ ప్రయాణము ఒక్కరి ప్రయాణము కాదు. పరివారమంతయు నూరుమంది దాక నుండిరి. సవారీలను మోసినవారు బోయీలు. కొండదారులలో, ఏరులలో, వానలో పదునైదు మాసములకు పైగా ఆ బరువు వారి భుజములమీద నున్నది. వీరాస్వామయ్యగారు దయగలవారు, తనవారి కష్టమును చూచి వ్రాసినవారే. కాని వ్రాసిన చేయి సవారీలో నున్నది. వెనుక బల్ల బాలుని ప్రశ్న మాకు అచ్చటను వినబడుచునే యుండెను.

మూడవ గ్రంథమును మేము కొంత జంకుతో తెరచితిమి. అది ఒంగోలున మిషను పని చేసిన జాన్ క్లౌ దొర జీవితకథ. ఆయన 1910 లో చనిపోగా, ఆయన చెప్పినదానిని భార్య యెమ్మా రౌషెన్‌బుష్ క్లౌ దొరసాని కూర్చి 1914 లో ప్రకటించెను. ఒంగోలు 1904 వరకు మన నెల్లూరు జిల్లాలోనిదే గనుక ఇది ఇరుగుపొరుగు కథ. జంకు దేనికనగా, మా విద్యార్థులలో కొందరి కుటుంబములు ఆ కాలముననే క్రైస్తవములో చేరినవి. "గంజికి కలిసినవారు" అను ఎత్తిపొడుపు మాట వారి చెవుల పడుచునే యుండును. గ్రంథము ఆ మాటను నిజమనునో, కాదనునో యని మా భయము.

1876 మొదలు 1878 వరకు చెన్నపురి రాజధానిని కాల్చిన కరవులో దొరతనమువారు బకింగుహాము కాలువను త్రవ్వించుచుండిరి. కూలిపని దొరకినవానికి అన్నము, దొరకనివానికి చావు. క్లౌ దొర ఆ కాలువలో మూడున్నర మైళ్ల పనిని కంట్రాక్టు తీసికొని, తన బోధకులను మేస్త్రీలుగా నిలిపి, పల్లెలనుండి వచ్చిన వేలకొలది జనమునకు పని యిచ్చెను. పారతో మన్ను కోయువారు, తట్టలెత్తువారు విశ్రాంతివేళ కూర్చున్నప్పుడు బోధకులు వారితో మాటలాడిరి. జనులు బాప్తిస్మము కోరిరి. ఆయన ఇయ్యలేదు. కరవు సహాయము సాగుచున్నంతకాలము, అన్నము నాశించి వచ్చువారెవరో తెలియదు గనుక, వద్దని నిలిపివేసెను. సహాయము ముగిసిన పిమ్మటనే, 1878 జూలై 3 వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లివద్ద ఒక్క దినమున 2,222 మందికి బాప్తిస్మము జరిగెను. ఆ సంవత్సరాంతమునకు ఆ సంఖ్య తొమ్మిదివేలు దాటెను.

కాబట్టి గంజి ముగిసిన పిమ్మట వచ్చినవారిని గంజికి కలిసినవారనుట చెల్లదు. అయినను మేము మా పక్షమునకు అనుకూలమైనదని దీనిని కన్నులు మూసికొని నమ్మదలచుకొనలేదు. ఇది క్లౌ దొర తన్ను గురించి తాను చెప్పుకొన్న సాక్ష్యము. కాలువయొడ్డున పని యిచ్చి ప్రాణము నిలిపినవానియెడల జనులకు కలిగిన నమ్మకము ఆ బాప్తిస్మములలో పాలు పంచుకొనలేదనుట కష్టము. ఆకలియే సర్వకారణమనుటయు, ఆకలికిని దానికిని సంబంధమే లేదనుటయు, రెండును గ్రంథమును చదువనివారి మాటలే.

ఈ గ్రంథమున మమ్ము నిలిపివేసినది వేఱొకటి కలదు. ఇందు తట్ట యెత్తినవారి కులమువారికి పేర్లున్నవి. తాళ్లకొండపాటి యెఱ్ఱగుంట్ల పేరయ్య యను మాదిగవాడు తోళ్ల వర్తకమునకై ఉత్తరమునకు పోయి క్రొత్తబోధను విని, 1866 లో బాప్తిస్మము పొంది, ఊరూర తిరిగి తనవారికి బోధించెను. ఆ గొప్ప సమూహములకు దారి తీసినవాడు ఆయనయే యని దొరయే ఒప్పుకొనును. ఆయన అంతకుముందు యోగిశిష్యుడై సత్యమును వెదకినవాడట. ఎవరో వచ్చి లేపువరకు నిద్రించుచుండిన మనుష్యుడు కాడు. ఈ పుటలను మేము ఆ యెత్తిపొడుపు మాటకు తలవంచుకొను బాలుడొకనికి తెనుగున చెప్పి వినిపించితిమి. అతడు పేరయ్యగారి యూరు ఇచ్చటికి ఎంత దూరమని మాత్రమే యడిగెను. పొదిలి, కనిగిరి వైపున నున్నదనియు, ఉదయగిరినుండి ఉత్తరముగా పోవలెననియు చెప్పితిమి.

సెలవులు ముగియక ముందు ఒకనాడు తెల్లవారుజామున ఉదయగిరి దుర్గము నెక్కితిమి. రాయలు వెడల్పు చేయించిన బాట ఏదియో కనిపెట్టవలెనని మా కోరిక. ఉలిదెబ్బలు తగిలిన బండలు కొన్ని కనబడెను గాని, అవి రాయల నాటివో, పిదప వచ్చినవారి నాటివో తేల్చుటకు మాకు శాసనశాస్త్రము రాదు. మేకలు తోలుకొని పోవుచున్న ముసలివాడొకడు మా చేతిలోని పుస్తకమును చూచి, అందు ఈ కొండ మాట ఉన్నదా యని యడిగెను. ఉన్నదంటిమి. "బావుల మాట ఉన్నదా?" అనెను. వెదకి చూచితిమి; లేదు. అతడు మమ్ము ఒక కోనేటి యొద్దకు గొనిపోయి, నీరు ఏ మాసమువరకు నిలుచునో, ఏ మూలనున్నది త్రాగవచ్చునో చూపెను. దానిని పుస్తకపు చివర నున్న తెల్లకాగితముమీద పెన్సిలుతో వ్రాసికొంటిమి. అది గ్రంథాలయపు పుస్తకము గనుక, తిరిగి యిచ్చునప్పుడు మాకు రెండణాల జుల్మానా కాకపోయినను, ఆ పాటి మందలింపు తప్పలేదు.