ఏది దుఃఖం? ఏది వ్యాధి?



"వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలి" అన్న మాట మన సినిమాల్లో నవ్వులు పూయించింది, మన ఇళ్లలో వేళాకోళమైంది. ఫిలింనగర్‌కు ఎంతో దూరంలో లేని ఆ మానసిక చికిత్సాలయం పేరే తిట్టుగా మారితే, నిజంగా జబ్బుపడినవారు వైద్యుని దగ్గరకు ఎలా వెళతారు? మరోవైపు వేషం చేజారిన నటుని దిగులుకూ, పరీక్ష తప్పిన పిల్లవాని బాధకూ వెంటనే 'డిప్రెషన్' అని పేరు పెడుతున్నాం. రెండూ పొరపాట్లే.

మరి మానసిక వ్యాధి అంటే ఏమిటి? ఆలోచన, మనఃస్థితి, జ్ఞాపకశక్తి వంటివి బాగా దెబ్బతిని, వివేచనను, ప్రవర్తనను, వాస్తవాన్ని గుర్తించే శక్తిని, లేదా రోజువారీ బ్రతుకును తీవ్రంగా కుంటుపరచడమే వ్యాధి అని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. సమాజపు కట్టుబాట్లకు, విశ్వాసాలకు ఒదగలేదని గానీ, ఒకప్పుడు చికిత్స పొందారని గానీ ఎవరినీ రోగిగా నిర్ణయించరాదని కూడా అదే చట్టం హెచ్చరిస్తోంది.

ఈ హద్దు గీయడం వైద్యులకూ సులభం కాదు. ఆప్తులను పోగొట్టుకొన్నవారి దుఃఖాన్ని తొందరపడి డిప్రెషన్‌గా లెక్కించరాదన్న మినహాయింపును అమెరికా మనోవైద్యులు 2013లో తమ గ్రంథం నుండి తొలగించారు. సహజమైన శోకం కూడా జబ్బు అయిపోతుందని వైద్యులలోనే కొందరు అభ్యంతరపెట్టారు. 2022లో దీర్ఘకాల శోకాన్ని వ్యాధిగా చేర్చినప్పుడు మాత్రం పెద్దలకు కనీసం ఏడాది గడువు ఉంచారు.

కనుక తల్లిదండ్రులారా, పేరు పెట్టడానికి ముందు పక్కన కూర్చొని వినండి. నిద్ర, తిండి, పని వారాల తరబడి చెడితే వైద్యునికి చూపించండి. చనిపోవాలన్న మాట వినబడితే క్షణం ఆలస్యం చేయక, ప్రభుత్వ ఉచిత సేవ టెలి మానస్ 14416కు ఫోను చేయండి. తెలుగులోనే మాట్లాడవచ్చు.