తూర్ సూరా వేసిన ప్రశ్న

హిజ్రీ 2 (క్రీ.శ. 624)లో బద్ర్ యుద్ధం జరిగింది. ఆ యుద్ధఖైదీల విషయమై హజ్రత్ జుబైర్ బిన్ ముత్‌ఇమ్ (రజి) మదీనా వచ్చారు. అప్పటికింకా ఆయన ఇస్లాం స్వీకరించలేదు. మగ్రిబ్ నమాజులో దైవప్రవక్త (స) తూర్ సూరా పఠించగా విన్నారు. తన హృదయంలో విశ్వాసం మొదట నాటుకున్నది అప్పుడేనని తర్వాత చెప్పారు. సహీహ్ బుఖారీలో ఈ ఉల్లేఖనం ఉంది.

ఆ సూరా 35వ ఆయతు భావం ఇది: వీరు ఏ కర్తా లేకుండానే పుట్టారా? లేక తామే సృష్టికర్తలా? శూన్యం నుంచి దానంతటదే ఏదీ రాదు. ఉనికిలోకి రానిది తనను తాను చేసుకోలేదు. కనుక సృష్టికర్త ఉన్నాడని బుద్ధి ఒప్పుకోక తప్పదు.

“మరి అల్లాహ్‌ను ఎవరు సృష్టించారు?” అని మన పిల్లలు అడుగుతారు. “తౌబా! తౌబా!” అని మనం నోరు మూయిస్తాం. షైతాను రేపే వస్వసా కలిగితే అల్లాహ్ శరణు కోరి ఆగిపొమ్మని ప్రవక్త (స) బోధించారు. తెలుసుకోవాలని అడిగే బిడ్డకు మాత్రం జవాబు చెప్పాలి. ఇమామ్ గజాలీ (రహ్మలై, మరణం హిజ్రీ 505) వివరించిన సూత్రం తేలికైనదే: ఆరంభమున్న ప్రతిదానికీ కారకుడు ఉండాలి. అల్లాహ్‌కు ఆరంభమే లేదు. కాబట్టి ఆ ప్రశ్న ఆయనకు వర్తించదు.

ఈ రెండు మాటలూ మనం ముందు నేర్చుకుని, పిల్లలకు నేర్పుదాం. అల్లాహ్ మనకా సద్బుద్ధి ప్రసాదించుగాక! ఆమీన్.