అవధాన లోపం - దినచర్యా నిర్వహణ

అవధానమనే మాట తెలుగువారికి కొత్తది కాదు. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు అవధానిని చుట్టుముడతారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది ఇస్తారు, మరొకరు అక్షరాలను నిషేధిస్తారు. వీరందరి నడుమ అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడు సందర్భంతో నిమిత్తం లేని ప్రశ్నలు వేసి అవధాని మనస్సును పక్కకు లాగజూస్తాడు. అవధాని అతనికి చమత్కారంగా బదులిచ్చి, తాను విడిచిన పద్యపాదం వద్దకే తిరిగి వస్తాడు. ఇట్లు తిరిగిరాగల శక్తి అందరిలోనూ సమానంగా ఉండదు. బాల్యం నుండియే ఈ శక్తి కొరవడి, చదువులోనూ ఉద్యోగంలోనూ సంసారంలోనూ ఇబ్బంది పడేవారి స్థితిని వైద్యశాస్త్రం అవధాన లోప-అతిచంచలతా రుగ్మత అని పేర్కొంటున్నది. ఏ.డి.హెచ్.డి. అని వాడుకలో ఉన్నది ఇదియే. ఈ లక్షణం గల వయోజనులు తమ దినచర్యను ఎట్లు చక్కదిద్దుకొనవచ్చునో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

పూర్వ చరిత్ర

ఇది నేటి చరవాణుల కాలంలో పుట్టిన వ్యాధి కాదు. 1798లోనే స్కాట్లండు వైద్యుడు అలెగ్జాండర్ క్రిక్టన్ ఒకే విషయంపై మనస్సు నిలుపలేని స్థితిని తన గ్రంథంలో వర్ణించాడు. 1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ అనే శిశువైద్యుడు, తెలివితేటలకు లోటు లేకపోయినా తమను తాము అదుపు చేసుకొనలేని పిల్లలను గురించి ఉపన్యాసాలిచ్చాడు. 1937లో అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ ఒక ఉత్తేజక ఔషధం ఇచ్చినప్పుడు కొందరు పిల్లల బడిచదువు మెరుగుపడడం గమనించాడు. ఇది పిల్లలకే పరిమితమైనదనీ, వయస్సుతోపాటు తొలగిపోవుననీ చాలాకాలం భావించారు. ఆ భావన సరికాదని క్రమంగా తేలింది. అమెరికా మనోవైద్య సంఘం 2013లో వెలువరించిన రోగ నిర్ణయ గ్రంథం ఐదవ కూర్పులో వయోజనులకు ప్రత్యేక ప్రమాణం కలదు. వయోజనులలో నూటికి సుమారు రెండు మూడు మందికి ఈ లక్షణం ఉండునని పరిశోధకుల అంచనా. ఈ లెక్కన ఏ పెద్ద కళాశాలలోనైనా ఇట్టివారు కొందరు ఉండక తప్పదు.

అసలు లోపమెక్కడ?

ఈ లక్షణం గలవారిని ఇంట్లో సోమరి అంటారు, కాహిల్ అంటారు, బేపర్వా అంటారు. నచ్చిన పనిలో ఇదే మనిషి గంటల తరబడి లీనం కావడం చూసి, "మనసుంటే చేయగలడు, కావాలనే చేయడు" అని తీర్పు చెబుతారు. ఈ తీర్పు న్యాయమైనది కాదు. ఆసక్తి దానంతట అది కలిగినప్పుడు అవధానం నిలుస్తుంది. ఆసక్తి లేని చోట దానిని బలవంతాన నిలిపే యంత్రాంగమే వీరిలో బలహీనం. ఏమి చేయవలెనో వీరికి తెలుసుననీ, తెలిసినదాన్ని తగిన వేళకు ఆచరణలో పెట్టడమే వీరికి కష్టమనీ అమెరికా మనస్తత్వవేత్త రస్సెల్ బార్క్‌లీ నొక్కిచెప్పారు. కావున హితబోధ వల్ల ప్రయోజనం స్వల్పం. పరీక్ష రుసుము గడువు ఇరవయ్యో తేదీ అని తెలిసిన విద్యార్థికి, గడువులోగా కట్టవలెనని పదిసార్లు బోధించిన మాత్రాన మేలు జరగదు.

విద్యార్థినుల విషయంలో మరొక చిక్కు కలదు. చాలామంది బాలికలలో అల్లరి కనిపించదు. తరగతిలో నిశ్శబ్దంగా కూర్చుంటారు, మనస్సు మాత్రం ఎక్కడో ఉంటుంది. ఎవరికీ ఇబ్బంది కలిగించరు గనుక వారి కష్టం ఎవరి దృష్టికీ రాదు.

ఆచరణీయ మార్గాలు

లోపం తెలియకపోవడంలో లేదు, తెలిసినది వేళకు గుర్తుకు రాకపోవడంలో ఉన్నది. కావున క్రమాన్ని తలలో దాచుకొనక కళ్ళ ముందు పెట్టుకొనవలెను. దీనికి ఈ క్రింది పద్ధతులు తోడ్పడతాయి.

1. ఒకే పుస్తకం: గడువులు, పనులు, అప్పగింతలు అన్నీ ఒకే చిన్న పుస్తకంలో రాసుకొనవలెను. అరచేతిలో ఒకటి, కాగితపు ముక్కపై ఒకటి, చరవాణిలో మరొకటి రాసినచో మూడూ పోతాయి.

2. కనిపించే కాలం: వీరికి కాలం "ఇప్పుడు", "ఇప్పుడు కానిది" అని రెండు ముక్కలుగానే తోస్తుంది. కావున ముళ్ళ గడియారం ఎదురుగా ఉండవలెను. మన కళాశాలలో చాలామందికి ఐదు పూటల అజాన్ రోజును ముందే ఐదు భాగాలు చేసి ఇస్తున్నది. అజాన్ వేళ ఋతువును బట్టి మారినా, జమాత్ వేళలు మసీదు పలకపై కనిపిస్తూనే ఉంటాయి. అసర్‌కు మగ్రిబ్‌కు నడుమ ఏ పని అన్నది నిర్ణయించుకొనడం, "సాయంత్రం చదువుతాను" అనుకొనడం కంటె ఎంతో మేలు. ఇతరులకు కళాశాల గంట, చివరి బస్సు వేళ ఇట్లే ఉపకరిస్తాయి.

3. ముందుగానే ముడివేయడం: "ఫలానా సమయం వచ్చినచో ఫలానా పని చేస్తాను" అని స్పష్టంగా నిర్ణయించుకొన్నవారు పని నెరవేర్చే అవకాశం ఎక్కువ అని జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ పరిశోధనలు తెలుపుతున్నవి. "ఇషా నమాజు ముగించి ఇంటికి రాగానే రేపటి సంచి సర్దుతాను" అనేది ఇట్టి నిర్ణయం.

4. మొదటి మెట్టు చిన్నది: "చరిత్ర వ్యాసం రాయవలెను" అనేది పని కాదు, పనుల మూట. "పుస్తకం తెరిచి శీర్షిక రాయవలెను" అనేది పని. ఆరంభమే వీరికి అన్నింటికంటె కష్టం గనుక ఆరంభాన్ని తేలిక చేయవలెను. ఇటలీకి చెందిన ఫ్రాన్సెస్కో సిరిల్లో 1980ల చివర రూపొందించిన పద్ధతిలో 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం. అంతసేపు కూర్చొనలేనివారు పది నిమిషాలతో మొదలుపెట్టవచ్చును.

5. అప్రస్తుత ప్రసంగికి ఒక కాగితం: చదువు మధ్యలో వచ్చే ఆలోచనను అణచివేయనక్కరలేదు, వెంటనే దాని వెంట పోనూ కూడదు. పక్కన కాగితంపై రాసి, విరామంలో చూసుకొనవలెను. చరవాణి మాత్రం మరొక గదిలో ఉండుట మంచిది.

6. తోడు: గ్రంథాలయంలో ఒక మిత్రుని ఎదుట కూర్చొని ఎవరి పని వారు చేసుకొన్నా మనస్సు నిలుస్తుంది.

7. చివరి అంగుళం: ఏనుగు పోయి తోక చిక్కినట్లు, వ్యాసమంతా రాసి సమర్పించడం మరచేవారున్నారు. సమర్పించి వచ్చేదాకా ఆ పనిని పుస్తకంలో కొట్టివేయరాదు.

ఏ పద్ధతి అయినా కొన్ని వారాలకు పాతబడి తప్పిపోవును. తప్పిన రోజు పుస్తకాన్ని పారవేయక, మరుసటి పుట నుండి మొదలుపెట్టుటయే నియమం.

వైద్య సహాయం

చదువుపై మనస్సు నిలవని ప్రతివారికీ ఈ రుగ్మత ఉన్నదని భావింపరాదు. నిద్రలేమి, దిగులు, ఆందోళన, థైరాయిడ్ దోషం కూడ ఇట్టి లక్షణాలనే కలిగించవచ్చును. పన్నెండేళ్ళ వయస్సుకు ముందే లక్షణాలు ఉన్నవా, ఇంటా బయటా కూడ ఉన్నవా అని మనోవైద్యుడు విచారించి నిర్ణయిస్తాడు. మిథైల్‌ఫెనిడేట్, అటొమాక్సెటిన్ వంటి మందులు చాలామందికి ఉపకరిస్తాయి. కాని మిత్రుని మాత్రను పరీక్షల ముందు అడిగి మింగుట ప్రమాదకరం, చట్టవిరుద్ధం. రమజాన్‌లో భోజన, నిద్రా వేళలు మారును గనుక మందు వేళను గురించి నెల రాకముందే వైద్యుని అడగవలెను, స్వయంగా మార్చరాదు. మందు తీసుకొంటున్న వయోజనులకు పైన చెప్పిన వంటి పద్ధతులను శిక్షణగా నేర్పినప్పుడు అదనపు మేలు కలిగిందని అమెరికాలో స్టీవెన్ సాఫ్రెన్ బృందం 2010లో ప్రకటించింది. తొలి సలహాకై 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి-మానస్‌కు 14416 సంఖ్యపై ఉచితంగా ఫోన్ చేయవచ్చును.

కళాశాల కర్తవ్యం

ఈ విషయంలో కమిటీ పెద్దలకు మా విన్నపం ఒకటి కలదు. గడువు తేదీలను ఒకసారి ప్రకటించి ఊరుకొనక, వారం ముందు, ముందురోజు కూడ ఉర్దూ తెలుగు భాషలలో పలకపై పెద్ద అక్షరాలతో రాయించవచ్చును. పెద్ద అప్పగింతను మూడు చిన్న గడువులుగా విడదీయవచ్చును. వీటికి వ్యయం లేదు, ఏ ధ్రువపత్రమూ అక్కరలేదు, వీటివల్ల అందరికీ మేలే. ఒక్క గడువు దాటినందువల్ల సంవత్సరం కోల్పోయే విద్యార్థి వెనుక, అతని చదువుకై కడుపు కట్టుకొన్న కుటుంబం ఉంటుంది. అట్టివానిని సోమరి అని పంపివేయడం సులభం. అతని పక్కన కూర్చొని ఒక చిన్న పుస్తకంలో మొదటి గడువు రాయించడం అంతకంటె కష్టమేమీ కాదు. ఆ పనికి మన అధ్యాపకులు, సహాధ్యాయులు పూనుకొనవలెనని మేము కోరుకొంటున్నాము.