కారు బ్యాటరీ: సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: శామీర్‌పేటలో ఉంటాం. పెట్రోలు కారు, నాలుగేళ్లయింది. వారం కదల్చకపోతే సెల్ఫ్ టక్ టక్ మంటుంది తప్ప స్టార్టు కాదు. ఇప్పుడున్నది 35 ఏహెచ్ బ్యాటరీ. "45 వేసుకోండి సార్, ఇక తిరుగుండదు" అంటున్నాడు షాపతను. వేయించమంటారా?

సమాధానం: అసలు బ్యాటరీ పోయిందో లేదో ముందు తేల్చుకోండి. రాత్రంతా కారు కదల్చకుండా ఉంచి, పొద్దున తాళం పెట్టకముందే మల్టీమీటరుతో చూడండి. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం ఖాళీ. ఇంజను నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. అంతకంటే బాగా తక్కువొస్తే అనుమానించాల్సింది ఆల్టర్నేటర్‌ని. టెర్మినళ్ల మీద తెల్లగానో పచ్చగానో బూజు పట్టి, క్లాంపు వదులైనా ఇదే టక్ టక్. ఇవన్నీ సరిగ్గా ఉండి, నిండా ఛార్జ్ చేశాక కూడా సెల్ఫ్ కొట్టగానే 9.6 కిందికి పడిపోతోందా? అప్పుడు మార్చండి. మన మే నెల ఎండల్లో, బానెట్ కింది వేడిలో నాలుగేళ్లు పనిచేసిందంటే తక్కువేం కాదు.

45 విషయానికొస్తే, ట్రేలో పట్టి, కేబుళ్లు అందితే వేసినా నష్టం లేదు. కానీ మీ కారుకున్న జబ్బు వాడకపోవడం. ఆపి ఉంచినా అలారం, డాష్‌క్యామ్, జీపీఎస్ కరెంటు లాగుతూనే ఉంటాయి. కూరగాయలకని తూంకుంట దాకా వెళ్లొస్తే బ్యాటరీ తిరిగి నిండదు. అలాంటప్పుడు 45 వేసినా చిల్లి డ్రమ్ము తీసేసి పెద్ద చిల్లి డ్రమ్ము పెట్టినట్టవుతుంది. వారానికోసారి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి మేడ్చల్ ఎగ్జిట్ దాకా వెళ్లి రండి.

కొనేటప్పుడు పాత బ్యాటరీ మీది కోడ్ ఫోటో తీసుకెళ్లండి. ఉదాహరణకు 38బీ20ఎల్. ఇందులో 20 అంటే సెంటీమీటర్లలో పొడవు. చివరి అక్షరం టెర్మినళ్లు ఏ వైపున్నాయో చెబుతుంది. ఎల్ బదులు ఆర్ తెస్తే కేబుల్ అందక అవస్థ. కరకంబాడిలో పుట్టిన అమరానా, ఎక్సైడా అన్న వాదన కన్నా తయారీ తేదీ ముఖ్యం. ఆరు నెలలుగా అరలో కూర్చున్నది వద్దనండి. వారంటీలో ఎన్ని నెలలు ఉచితంగా మారుస్తారో, ఎప్పటినుంచి ప్రోరేటాగా కోత వేస్తారో బిల్లు మీద రాయించుకోండి.

ప్రశ్న: సిగ్నల్ దగ్గర ఇంజను దానంతటదే ఆగే కారు నాది. మేడ్చల్ నుంచి రోజూ సుచిత్ర దాకా ప్రయాణం. మామూలు బ్యాటరీ చౌక కదా, సరిపోతుందా?

సమాధానం: సరిపోదు. కొంపల్లి ట్రాఫిక్‌లో ఆగిన ప్రతిసారీ దానికి అదనపు స్టార్టే, మామూలుది తొందరగా చేతులెత్తేస్తుంది. కారుతో పాటు కంపెనీ ఈఎఫ్‌బీ రకం బ్యాటరీ ఇస్తే ఈఎఫ్‌బీ, ఏజీఎం రకం ఇస్తే ఏజీఎం వేయించండి.

ప్రశ్న: పాతది ఇంటి ముందుకొచ్చే పాత ఇనుము వాళ్లకి ఇవ్వచ్చా? షాపులో కన్నా వందో రెండొందలో ఎక్కువిస్తామంటున్నారు.

సమాధానం: వద్దు. అందులో ఉన్నది సీసం, యాసిడ్. పగలగొట్టి సీసం తీసుకుని యాసిడ్ మోరీలో పోస్తే, అది చేరేది మన చెరువుల్లోకే. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవి వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులది. షాపులోనే ఇచ్చి, ఆ సొమ్ము కొత్తదాని బిల్లులో తగ్గించమనండి.